నెట్టుకు అడ్డం నడవొద్దు

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ల్యాప్‌టాప్‌కైనా నెట్ కావాలంటే నా ఫోన్‌లో ఒక్కచోట వేలు ఆనిస్తే చాలు. అక్క పిల్లలిద్దరూ చెరో మూలన కూర్చుని నా ఫోన్‌ను జలగల్లా పీల్చేస్తారు. వాళ్ల మధ్య నేను చీపురు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ కసరరు. నాకు అదే చిరాకు. నెట్టంటే ఇంత చులకనైపోయిందా? మా ఇంట్లో నెట్ నడుస్తుంటే మనుషులు నడవకూడని రోజును చూసినదాన్ని నేను.

రెండువేల సంవత్సరం దాటి అప్పటికింకా పదేళ్లు నిండలేదు. మాది గద్వాల వైపు గట్టు మండలంలో ఒక మెట్ట ఊరు. నాయిన సీడు పత్తి, అంటే విత్తనాల కంపెనీకిచ్చే పత్తి, వేసేవాడు. వనపర్తిలో ఒక నెట్ షాపు మూసేస్తుంటే, అక్క చదువుకు పనికొస్తుందని పాత కంప్యూటర్ ఒకటి కొని ట్రాక్టర్‌లో వేసుకొచ్చాడు. దాని టీవీ పెట్టె పత్తి బస్తాకన్నా బరువు. మూడు పిన్నుల ప్లగ్గు మా ఇంట్లో నడిమి అర్రలో, అంటే మధ్య గదిలోనే ఉండేది కాబట్టి దాన్ని అక్కడే దించారు. దించినవాళ్లు ఇక దాన్ని కదిలించేది లేదని చెప్పి మరీ పోయారు.

ఫోన్ నాయినది. గద్వాలలో కొన్న స్మార్ట్ ఫోన్. ఇప్పటిలా అద్దం పలక కాదు, మీటలున్నదే. కానీ అందులో నెట్ వచ్చేది, బ్లూటూత్ ఉండేది. నాయిన దాన్ని రెండు పనులకే వాడేవాడు: ఎత్తడానికి, పెట్టేయడానికి. నిజానికి ఎత్తడం కూడా తక్కువే. మా వైపు అప్పట్లో ఫోన్ మాట్లాడేది కాదు, మోగించి ఆపేది. బోరు దగ్గర కరెంటు వస్తే పక్క చేను ఆయన ఒక రింగ్ ఇచ్చేవాడు, నాయిన అన్నం ముందునుంచి లేచి మోటారు వేయడానికి పరుగెత్తేవాడు. కూలోళ్ల ఆటో బయల్దేరితే రింగ్, పురుగుమందు డబ్బాలు వస్తే రింగ్. ఏ రింగ్ దేనికన్నది ఇచ్చిన మనిషిని బట్టి తెలిసేది.

ఆ ఫోన్‌కు ఒక దుర్గుణం ఉంది. రెండు పనులు ఒక్కసారి చేయదు. నెట్ నడుస్తుండగా రింగ్ వచ్చిందా, నెట్ తెగిపోతుంది. మళ్లీ మొదటికే రావాలి.

ఆ ఏడు అక్కకు ఇంజినీరింగ్ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఏయే కాలేజీలు కావాలో వరుసగా నెట్‌లో ఎంచుకుని, గడువులోపల ఖాయం చేయాలి. చేయకపోతే సీటు లేదు. ఆడపిల్లను పట్నానికి పంపడానికి నాయిన ఒప్పుకోవడమే ఒక గండం. ఒప్పుకున్న రోజు నుంచే ఆయన వెనక్కి తగ్గడానికి సాకు వెతుకుతున్నాడని అక్క అనుమానం. "ఈ యేడు తప్పితే నాకు మల్లొక యేడు లేదే" అంది నాతో. నాకూ భయం పట్టుకుంది.

గడువు వారం రోజులుంది. గద్వాల పోయి నెట్ షాపులో కూర్చుంటే గంటలో అయిపోయే పని. కానీ నాయిన పంతులును అడిగాడు. పంతులు పంచాంగం తిరగేసి సరిగ్గా ఆఖరి రోజునే మంచిదన్నాడు. ఆ ఆఖరి రోజున బంద్. బస్సులు లేవు, షాపులు లేవు. పంతులు పంచాంగంలో బంద్‌లు రాసి ఉండవు కదా.

"పరేషాన్ కాకు నాయినా, మన ఫోన్‌ల నెట్టును కంప్యూటర్‌కు ఇయ్యొచ్చు" అంది అక్క. స్నేహితురాలి ఇంట్లో చూసిందట. కంప్యూటర్‌కు గుచ్చే బ్లూటూత్ ముక్కను ఎప్పుడో తెచ్చి పోపుడబ్బాలో దాచుకుంది. ఫోన్‌కు సిగ్నల్ అందేది ముందర అర్ర కిటికీలో మాత్రమే. కాబట్టి ఫోన్ కిటికీలో, కంప్యూటర్ నడిమి అర్రలో, రెంటి మధ్య తెరిచిన గుమ్మం. ఆ గుమ్మం గుండానే ఇంటిల్లిపాదీ వంటింటికి, నీళ్ల కుండ దగ్గరికి, పెరట్లోకి పోవాలి.

మొదటిసారి కలిసింది. తెర మీద సగం పేజీ వచ్చింది. అప్పుడు మా అవ్వ, అంటే నాయిన తల్లి, చెంబు పట్టుకుని గుమ్మంలోంచి నడిచింది. నెట్ తెగిపోయింది.

"అవ్వ అడ్డం పోయింది, తెగింది!" అన్నాడు నాయిన.

"నేనేమన్న గొడ్డలి పట్కపోయిన్నా కొడుకా?" అంది అవ్వ.

ఇదంతా వాకిట్లోంచి చూస్తున్న పక్కింటి చాచా లోపలికొచ్చాడు. ఆయన దర్జీ. బంద్ కాబట్టి మిషన్ మూసి మా అరుగు మీద కూర్చున్నాడు. విషయం విని గంభీరంగా తలూపి, "గిది మాకు తెల్సిందే. నమాజ్ చదివెటోని ముందలకెళ్లి పోవద్దు. ఎదుట ఏదన్న అడ్డం పెట్టుకుంటే దాని అవుతలకెళ్లి పోవచ్చు" అన్నాడు. వెంటనే తన ఇస్త్రీ స్టూల్ తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. ఆ స్టూల్ నెట్‌కు ఎట్లా పనికొస్తుందో అక్కకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. నాయినకు మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆ క్షణం నుంచి స్టూల్‌కూ గోడకూ మధ్య ఉన్న జానెడు సందులోంచే అందరం అడ్డంగా, పీతల్లా నడిచాం. అమ్మ ఆ సందులోంచి అన్నం గిన్నె దాటించలేక ఆ పూట వంటే మానేసింది.

అమ్మ మరో మేలు కూడా చేసింది. కిటికీలోంచి ఫోన్ కింద పడుతుందేమోనని దాన్ని స్టీలు గ్లాసులో నిలబెట్టింది. సిగ్నల్ మొత్తం పోయింది. కారణం తెలిసేసరికి అక్క కళ్లల్లో నీళ్లు. గ్లాసు తీసి మళ్లీ కలిపారు. పేజీ వచ్చింది, అక్క రెండు కాలేజీలు ఎంచింది, ఫోన్ మోగింది. బోరుకు కరెంటు వచ్చిందన్న రింగ్. మళ్లీ కలిపారు. మోటారు ఇంకా వేయలేదేమని ఇంకో రింగ్. మళ్లీ కలిపారు. కలిపిన ప్రతిసారీ పేజీ తొలి నుంచి మొదలు.

నాయిన చెప్పులేసుకుని బండి తీశాడు. ఊరంతా తిరిగి, తెలిసిన ప్రతి మనిషికీ ఒక్కటే మాట చెప్పాడు: "ఇయ్యాల పొద్దుగూకెదాక మా ఫోన్‌కు రింగ్ ఇయ్యకుండ్రి. ఎందుకని అడగకుండ్రి." బిడ్డ ఇంజినీరింగ్ చదవబోతోందని చెబితే దిష్టి తగులుతుందని ఆయన భయం. నోరు కుట్టుకుని ఇంటికొచ్చాడు.

మా ఊళ్లో ఎందుకని అడగొద్దన్న మాట కన్నా పెద్ద దండోరా లేదు. పైగా బంద్. ఎవరికీ పనిలేదు. పావుగంట గడిచిందో లేదో ఫోన్ మోత మొదలైంది. ఈసారి రింగులు కావు, నిజం కాల్స్. "ఏమైందన్నా? మంచిగున్నరా?" అని ఒకరు. "అవ్వ పానం ఎట్లున్నది?" అని ఇంకొకరు. రింగ్ ఇవ్వొద్దంటే ఇవ్వకుండా ఉన్నవాడు ఊరంతటికీ ఒక్కడే, వాడికి ఫోన్ లేదు.

"నాయినా, నీ కాల్స్ అన్ని వేరే ఫోన్‌కు మళ్లిస్త" అంది అక్క. మళ్లించడానికి దగ్గరున్నది చాచా ఫోనే. చాచా అరుగు మీద కూర్చుని మా ఇంటి కాల్స్ ఎత్తసాగాడు. దిష్టి సంగతి నాయిన ఆయనకు గట్టిగా చెప్పాడు కాబట్టి నమ్మకంగా దాచాడు. "ఇప్పుడు మాట్లాడలేరు భయ్. అందరు లోపలున్నరు. అవును, చానా పరేషాన్‌ల ఉన్నరు. పొద్దుగూకేసరికి అయిపోతది."

నాయినకు ఫోన్ చేస్తే చాచా ఎత్తాడు. ఇంటివాళ్లు మాట్లాడే స్థితిలో లేరు. పొద్దుగూకేసరికి అయిపోతుంది. ఇక ఎవరికైనా ఏం అర్థం కావాలి?

లోపల మాత్రం అంతా హాయిగా సాగుతోంది. రింగులు లేవు, నెట్ తెగలేదు. అక్క ఒక్కో కాలేజీ ఎంచుతోంది, పేజీ నత్త నడకన వస్తోంది. ఇంక కొన్నే మిగిలాయనగా వాకిట్లో ట్రాక్టర్ ఆగింది. దాంతోపాటే ఏడుపు.

"ఓ యమ్మా! నన్ను ఇడిసిపెట్టి పోతివా యమ్మా!"

నాయిన చెల్లెలు, మా అత్త. వడ్డేపల్లి నుంచి బంద్‌ను దాటుకుని, సగం ఊరిని ట్రాక్టర్‌లో ఎక్కించుకుని వచ్చింది. అవ్వ అరుగు చివర బియ్యం ఏరుతోంది. బిడ్డ జుట్టు విరబోసుకుని రావడం చూసి, బిడ్డ అత్తగారింట్లో ఎవరో పోయారనుకుంది. చేట పక్కన పెట్టి, "ఓ బిడ్డా! ఎంత పనాయెనే బిడ్డా!" అని ఎదురెళ్లి కావలించుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి, మాట కలుపుతూ, రాగం కలుపుతూ ఏడ్చారు. ట్రాక్టర్‌లో వచ్చిన ఆడవాళ్లూ అందుకున్నారు. చాచా కూడా టోపీ సర్దుకుని కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి అవ్వ ముక్కు చీది అడిగింది: "ఇంతకు ఎవలు పోయిండ్రే?"

అత్త తల ఎత్తి చూసింది. చూసి, మళ్లీ చూసి, "నువ్వే కదనే!" అంది.

వెనకాల మామ నిలబడ్డాడు, అత్త భర్త. చేతిలో అంత లావు బంతిపూల దండ. దాన్ని దాచడానికి చోటు లేక వీపు వెనక పెట్టుకున్నాడు. అల్లుడి ముందు కొంగు సర్దుకుంటూనే అవ్వ వదల్లేదు. "ఆ దండ ఎవలికి అల్లుడా?"

"నీకే అత్తా" అన్నాడు మామ. అబద్ధమాడడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

ఈలోగా జనం లోపలికి తోసుకొచ్చారు. ముందర అర్ర నిండిపోయింది. కిటికీకీ కంప్యూటర్‌కూ మధ్య కనీసం ముప్పై తలలు. లోపలినుంచి అక్క అరిచింది, "నాయినా, నెట్టు ఊగుతుంది! ఆఖరి పేజీ!" మనుషుల ఒళ్లు అడ్డమైతే బ్లూటూత్ నిజంగానే బలహీనపడుతుందని నేను తర్వాతెప్పుడో చదివాను. చాచా, నాయిన ఆ రోజు చెప్పింది సగం నిజమే. స్టూల్ సంగతి మాత్రం ఇప్పటికీ ఎక్కడా కనిపించలేదు.

గడువుకు ఇంకాస్తే మిగిలింది. అప్పుడు చచ్చిపోయిన మా అవ్వే లేచింది. "అందరు గోడకు జరుగుండ్రి! కూసోండ్రి! నా మనుమరాలి నెట్టు పోతుంది, అడ్డమొచ్చినోని కాళ్లు ఇరగ్గొడ్త!" శవానికి భయపడనివాడు ఉంటాడా? ముప్పై మందీ గోడలకు అతుక్కుని కూలబడ్డారు. నడిమధ్య దారి ఖాళీ అయింది. ఇల్లంతా చావింట్లో ఉండాల్సినంత నిశ్శబ్దం. అక్క మీట నొక్కింది. తెర తెల్లబడింది. అలాగే ఉంది. అప్పుడు పైనుంచి ఒక్కో గీతా దిగుతూ, ఖాయమైందన్న మాట వచ్చింది.

అక్క కంప్యూటర్ ముందునుంచే నాయిన వైపు తిరిగి "అయింది" అంది.

"ఏమైంది? ఏందయింది?" అని గోడల పొడుగునా అడిగారు. ఇక దాచడానికి ఏం మిగిలింది? ఊరికి చెప్పనిది, పక్క చేను ఆయనకు చెప్పనిది, నాయిన ముప్పై మంది ముందు చెప్పాడు: "నా బిడ్డ ఇంజినీరింగ్ చదువుతది. పట్నం పంపిస్తున్న." ఇంత మంది విన్నాక ఆయన మాట వెనక్కి తీసుకునే దారి లేదు. అది అక్కకూ తెలిసింది, ఆయనకూ తెలిసింది. చెప్పి, తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. జనం ఎట్లాగూ ఏడవడానికే వచ్చారు, కాబట్టి అందరూ కలిసి ఇంకోసారి ఏడ్చారు. అవ్వ ఉప్పు, మిరపకాయలు తెచ్చి అక్కకు దిష్టి తీసింది, తర్వాత ఫోన్‌కూ తీసింది. మామ చేతిలోని దండ లాక్కుని కంప్యూటర్‌కు వేసింది. అమ్మ ముప్పై మందికి ఎసరు పెట్టింది. ఆ సాయంత్రం అవ్వ తమ్ముడు ఎందుకు రాలేదని అవ్వ మూడుసార్లు అడిగింది. తన చావుకు రాలేదని ఆయనతో సంక్రాంతిదాకా మాట్లాడలేదు.

అక్కకు సీటొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. చాలా ఏళ్లకు, ఒక పగటిపూట బియ్యం ఏరుతూనే అవ్వ నిజంగా పోయింది. అప్పటికి అక్క సెలవు మీద ఇంట్లోనే ఉంది. నాయిన ముందుగా వడ్డేపల్లికి ఫోన్ చేసి, మాట పూర్తిగా రాక "బావా, అవ్వ..." అన్నాడు. అవతల మామ పకపకా నవ్వడం మాక్కూడా వినిపించింది.

"ఈసారి ఎవలికి బావా సీటు?"

నాయిన ఫోన్‌ను అక్కకు ఇచ్చేశాడు.

"మామా, నేను" అంది అక్క. "ఈసారి సీటు గీటు ఏం లేదు. నిజంగనే పోయింది. దండ పట్కరా."

అవతల మామ నవ్వు ఆగింది. లైన్ తెగిందేమోనని అక్క తెర చూసింది. తెగలేదు. మామ ఏడుస్తున్నాడు.