పాప మీద రెండు స్వెట్టర్లు

నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఎలా రాయాలో తెలియదు. అయినా చేసింది నేనే కాబట్టి నేనే చెప్పాలి.

మేము నోయిడాలో రేకుల బస్తీలో ఉంటాం. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. విరేచనాలు తగ్గి పది రోజులైనా ముద్ద మింగేది కాదు. బస్తీ అంగన్‌వాడీలో నెలకోసారి పిల్లల్ని తూస్తారు. అంతకుముందు నెల వరసలో ఉన్న ఒకామె నన్ను చూసి, "తల్లి మోటీ, పిల్ల సూఖీ!" అని నవ్వింది. తల్లి లావు, పిల్ల ఎండుపుల్ల అని. అందరూ నవ్వారు.

అందుకే ఈసారి బరువు ఎక్కువ తూగాలని పాపకి రెండు స్వెట్టర్లు, దళసరి జీన్సు ప్యాంటు, బూట్లు వేశాను. చెంచాతో గ్లాసు నీళ్లు పట్టాను.

పక్క గుడిసెలో మా శ్రీకాకుళం వదిన చూసి, "ఏటే, గుంటని పెళ్లికి తోల్తన్నావా?" అంది.

"సలేత్తంది కదా వదినా," అన్నాను.

అంగన్‌వాడీ దీదీ బట్టలు తీయమంది. జలుబు చేసిందని బతిమాలాను. వరస పెద్దది, ఆమె ఇంకేమీ అనలేదు. తూచి, ఫోన్లో నొక్కి, "ఠీక్ హై, పసుపులో ఉంది," అంది. పసుపంటే బరువు కాస్త తక్కువ, ఎరుపంటే మరీ తక్కువ. నా వెనకామె పిల్ల ఎరుపులో పడింది. దీదీ చీటీ రాసి వాళ్లని సర్కారు ఆసుపత్రికి పంపింది. అయ్యో పాపం, ఎంత అవమానం అనుకున్నాను.

నాలుగు రోజులకి పాప తల నిలపలేకపోయింది. ఎత్తుకుని దీదీ దగ్గరికి పరుగెత్తాను.

"అబద్ధం చెప్పాను దీదీ. బట్టలతో తూయించాను."

ఆమె బట్టలన్నీ తీసి మళ్లీ తూచింది. అంకె చూసి తల పట్టుకుంది.

"పాగల్ హో క్యా, పిచ్చిదానా? ఎరుపులో ఉన్న పిల్లలకే ఆసుపత్రిలో మంచం ఇస్తారు. పాలు, మందులు, తల్లికి భోజనం, అన్నీ వాళ్లే చూస్తారు. ఆరోజు రెండు మంచాలు ఖాళీ ఉన్నాయి!"

చీటీ పట్టుకుని వెళ్లేసరికి వార్డు నిండిపోయింది. డాక్టరు చూసి సూది వేయించి, వరండాలో ఉండమన్నాడు. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం ఒక మంచం ఖాళీ అయింది. దాని మీదున్న పిల్ల ఇంటికి వెళ్లిందా అని నర్సుని అడగలేకపోయాను. పాపని పడుకోబెట్టాను. నర్సు సిరంజితో పాలు పట్టింది. పాప మింగలేదు.

"ఇంకొక్కసారి పట్టండి సిస్టర్," అన్నాను.

ఆమె మళ్లీ పట్టింది. పాలు పెదవి చివరి నుంచి కారి నా చేతి మీద పడ్డాయి.