ఎక్కించినా మిగిలే పాట

బేతంచెర్లలో ఎక్కించడం అంటే బండలు లారీకి ఎక్కించడమే. మా నాన్న పని అదే. పాలిష్ పెట్టిన నాపరాళ్లను మనుషులు వరుసగా నిలబడి ఎత్తుతుంటే, ముందుండి పాట అందుకునేది ఆయన. ఇంటర్ అయ్యాక నేను అదే ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు కొట్టే పనిలో చేరాను. కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని కాబట్టి, తెలిసినవాళ్లందరికీ పాటలు ఎక్కించి పెట్టే పని కూడా నా నెత్తినే పడింది. సెల్‌ఫోన్ షాపులవాళ్లు 'ఇచ్చట పాటలు ఎక్కించబడును' అని బోర్డులు రాయించుకున్న రోజులవి. నాకు బోర్డు లేదు గానీ విసుగు మాత్రం దండిగా ఉండేది.

అమ్మ అప్పటికే కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. కడప వైపు నుంచి చాలామంది ఆడవాళ్లు అట్లా వెళ్లేవాళ్లు, వాళ్ల వెంట అమ్మా వెళ్లింది. ఆమె లేని లోటు మాకు అన్నం దగ్గర తెలిసేది. నేను వండింది నాన్న ఒక్క మాటా అనకుండా తినేవాడు. ఆ అనకపోవడమే నాకు ఒళ్లు మండించేది. అమ్మ ఫోన్ చేస్తే, లారీ అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు "తింటివా" అని అరిచి, జవాబు వినకముందే ఫోను నా చేతిలో పెట్టేసేవాడు.

ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు అమ్మ అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయరు తెచ్చుకుంది. మళ్లీ ప్రయాణం దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం నాన్నకు క్యారియరు తీసుకుని ఫ్యాక్టరీకి వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని, చర్చి పాటల సీడీ చేతికిచ్చింది. ప్లేయరును కంప్యూటర్ వెనక గుచ్చి పాటలన్నీ అందులోకి లాగాను. తెర మీద కాగితాల బొమ్మలు ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి ఎగురుతున్నాయి. అమ్మ వాటినే చూస్తూ, "మీ నాయన పాట గూడ ఎక్కియ్ మే" అంది.

"నాయన పాటేందిమా?"

"లోడింగు పాట. పెండ్లయిన కొత్తలో నేను పాలిష్ కాడ పని చేస్తాంటి. ఆ పాట ఇనపడితే సాలు, ఆయన కాలూ సెయ్యీ బాగుండాయని తెలిసేది. ఆడ ఆ ఇంట్లో ఏసీ సప్పుడు తప్ప ఏమీ ఇనపడదు."

నాన్నను పిలిచాను. ఒళ్లంతా రాతిపొడితో గడప దగ్గరే నిలబడ్డాడు. సంగతి చెప్పగానే ముఖం మాడ్చుకున్నాడు.

"కుదర్దు. అది ఎక్కిస్తే రేపు లోడుకు నేనేం పాడల్ల?"

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఎక్కించినాక సరుకు ఇంగ ఈడ ఉంటాదా యాడన్నా?"

లారీ ఎక్కిన బండ ఒక్కటి కూడా వెనక్కి రావడం ఆయన చూడలేదు. అమ్మను బస్సెక్కించి వచ్చిన మనిషి కూడా ఆయనే. ఆ భయానికి నేను నవ్వి ఉండాల్సింది కాదేమో గానీ, నవ్వు ఆగలేదు.

"ఇది బండ గాదు నాయనా. ఆడికి పోతాది, ఈడా ఉంటాది" అని చెప్పి, ఒకే చర్చి పాటను కంప్యూటర్‌లో ఒకసారి, ప్లేయరులో ఒకసారి వినిపించాను. ఆయన రెండూ శ్రద్ధగా విన్నాడు. "మనిషిని గూడ అట్ల ఎక్కించే మిషనుంటే సూడు పాపా" అన్నాడు. అమ్మ క్యారియరు మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

యజమాని కొడుకు కంప్యూటర్‌లో కబుర్లకు వాడుకునే మైకు నాన్న నోటి ముందు పెట్టాను. చేతిలో బండ లేకుండా పాట రాదన్నాడు. చివరికి కొనేవాళ్లకు చూపించడానికి గోడకు ఆనించి ఉంచిన నమూనా బండ ఒకటి ఎత్తి ఎదకు ఆనించుకున్నాడు. అప్పుడు వచ్చింది.

"మెల్లగ రావే నల్లని రాయీ, కాలికి చేతికి కాయవె రాయీ..."

బయట నీడలో అన్నం తింటున్న మనుషులు అలవాటుకొద్దీ "ఐసా" అని వంత పలికారు. అమ్మ పక్కున నవ్వింది. "సాల్లేప్పా, దించు ఇంగ" అంది. ఆ నవ్వూ ఆ మాటా కూడా రికార్డయిపోయాయి. అంతవరకు తీసేద్దామంటే నాకు చేతకాలేదు. అట్లాగే ఎక్కించాను.

అమ్మ కువైట్‌కు తిరిగి వెళ్లింది. ఆ తర్వాత నాన్న రోజూ అన్నం తిని, చేతులు కడుక్కుని, ఆఫీసు గడప దగ్గరికి వచ్చి "అది పెట్టు పాపా" అనేవాడు. తన గొంతు మీద తనకే ముచ్చట పుట్టిందనుకున్నాను. "ఇంగ సినిమావాళ్లు వచ్చి ఎత్తుకోని పోతారులే నిన్ను" అని ఎగతాళి చేసేదాన్ని.

ఒకరోజు బయట లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. నాన్న గడప దగ్గర నిలబడి, "మొదట్నించి వద్దు. ఆకర్ది పెట్టు, సాలు" అన్నాడు. పాటను చివరికి జరిపాను. ఐసా. అమ్మ నవ్వు. దించు ఇంగ. అంతే, అయిపోయింది. "ఇంగోసారి" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి మౌసు బాణం ఎక్కడుందో కనబడలేదు. అమ్మ కోసం బెంగ నా ఒక్కదానికే అనుకున్నాను అన్నాళ్లూ. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం, ఒకరికొకరు చెప్పుకోకుండా బెంగపడ్డాం.

రెండోసారి విన్నాక నాన్న తువ్వాలు దులుపుకుని బయల్దేరాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఇది ఈడనే ఉంటాది గదా పాపా. ఎవురూ ఎక్కించుకోని పోరు గదా."

"ఎక్కించుకోని పోయినా ఈడనే ఉంటాది నాయనా" అన్నాను.

తలూపి లారీ దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి బయట పాట మొదలైంది. బిల్లు కొట్టడం ఆపి, అది అయిపోయేదాకా విన్నాను.