ఇసుకలో నున్నటి దిమ్మె

అలంపూర్ దిగువన మా ట్రక్కు ఆగేసరికి మధ్యాహ్నం రెండు. ముసురు. తుంగభద్ర ఎగదన్ని, వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. నేను ఆర్మీ ఇంజనీర్లలో హవల్దారును. మంచుకొండలూ ఎడారులూ చూశాను గాని, సొంత ప్రాంతంలో డ్యూటీ పడటం అదే మొదలు. మాది గోపాల్‌పేట.

పడవ నిలవని ప్రవాహం. ఆర్డరు ఒక్కటే: మర్నాడు పొద్దుగూకేలోపు కాలినడక వంతెన వేయాలి. అవతలి ఊళ్లో సుగుణమ్మ అనే కూలిమనిషి ఉంది. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. గద్వాల దవాఖానలో డయాలసిస్ అప్పటికే ఒకసారి తప్పింది. తాడు పట్టుకుని అవతలికి దాటిన మా రేడియో ఆపరేటర్‌ది మల్దకల్.

"అన్నా, కాళ్లు ఉబ్బినయి. దమ్ము ఆడుతలేదు. జర జల్ది," అన్నాడు సెట్‌లో.

అవతల గట్టి బండ. ఇవతల ఉత్త ఇసుక. ఇవతలి వంతెన కాళ్ల కింద రెండు కాంక్రీటు దిమ్మెలు కావాలి. వంతెన కాళ్లను పట్టే బోల్టులు వరుస తప్పకుండా అచ్చు అడుగున బిగించి, త్వరగా గట్టిపడే సిమెంటుతో దిమ్మెలను తలకిందులుగా పోశాం. ఊరి మేస్త్రీ దావీదు సాయం పట్టాడు. మా పాలమూరు మేస్త్రీలకు గచ్చు అద్దంలా మెరవకపోతే అన్నం సహించదు. అలవాటు కొద్దీ పైముఖానికి సిమెంటు పాలు పూసి తాపీతో నున్నగా తీశాడు. మేమూ భేష్ అన్నాం. తిరగేస్తే ఆ నునుపే అడుగవుతుందని ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున దిమ్మెలు తిరగేసి ఇసుకలో దించి, బరువు ఆపుతాయో లేదో చూడ్డానికి పైన ఇసుక బస్తాలు పేర్చాం. సగం బరువుకే కింది ఇసుక పక్కలకు జారి ఉబ్బింది. దిమ్మె ఒరిగింది. నాకు ఒళ్లు మండింది.

"వెడల్పు చేద్దామా?" అన్నారు సుబేదారు.

"సిమెంటు లేదు సాబ్. ఉన్నా అది ఆరేదాకా సుగుణమ్మ ఆగే స్థితిలో లేదు. అడుగు గరుకు చేద్దాం."

అడుగు గరుకైతే దాన్ని అంటుకున్న ఇసుక పక్కకు జారదు. దిమ్మె కుంగాలంటే అప్పుడు లోతునున్న ఇసుక కదలాలి. అదంత తేలిక కాదు.

దావీదు మొహం మాడ్చుకున్నాడు. "ఏంది సార్ గిట్ల? గింత మంచిగ తీసినంక గంట్లు పెడ్తరా?"

"ఇంట్ల గాదు పెద్దాయనా, ఇసుకల పెడ్తున్నం. కొట్టు!"

గొణుక్కుంటూనే ఉలి అందుకున్నాడు. వానలోనే అందరం కొట్టాం. అరచేతులు బొబ్బలెక్కాయి. ఉబ్బిన ఇసుక తీసేసి, దిమ్మిస కొట్టి, దిమ్మెలు మళ్లీ దించాం. బస్తాలన్నీ ఎక్కించాం. బొటనవేలి మందం దిగి, ఆగాయి. ఇక కదల్లేదు. సాయంత్రానికి వంతెన నిలబడింది.

"కుర్చీలో తీసుకురా," అన్నాను సెట్‌లో.

"కూసోనంటుందన్నా. 'నన్ను మోసుకుంట మీరు పడితే మీ అమ్మలకు నేనేం జెప్పాలె' అంటుంది."

రిటైరై గోపాల్‌పేట చేరాను. ఆ డ్యూటీ సంగతులు చాలా మరిచిపోయాను. ఇది మాత్రం పోదు: ఆపరేటర్ వెనక నుంచి పట్టుకుంటే, సుగుణమ్మ పలక పలకకూ ఆగుతూ నడిచి వస్తోంది. కుడిచేయి తాడు మీద. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేయిని మాత్రం తాడుకు తగలనీయకుండా, గాలికి ఆరకుండా దీపం పట్టుకున్నట్టు పైకెత్తి పట్టుకుంది.