ఉస్మా పసరు

పట్టుబట్టలకు పేరుపడ్డ మర్గిలాన్ ఊళ్లో అంజిరత్ కుడి అరచేయి ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది. టైఫాయిడ్ వచ్చి కూతురు రుఖ్సోరా కనుబొమలు రాలిపోయినప్పటి నుంచీ, పొద్దున్నే పెరట్లో, కనుబొమలను నల్లబరిచే ఉస్మా ఆకు కోసి, అరచేతిలో నలిపి, బోర్లించిన టీ గిన్నె అడుగున పసరు పిండుతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, పిల్ల చేత కళ్లు మూయించి, ఆ పలచని వెంట్రుకల మీద ఒత్తుగా రాస్తుంది. రాస్తున్నంతసేపూ జ్వరాన్నీ, డాక్టర్నీ, సలహాలిచ్చే ఇరుగుపొరుగునూ తిడుతూనే ఉంటుంది.

ఆవేళ చుట్టాలతో పిల్లను చూడవచ్చిన పెళ్లికొడుకు తల్లి, పలకరింపులు కాగానే బొటనవేలు నాలుకతో తడుపుకుని రుఖ్సోరా కనుబొమను గట్టిగా రుద్దింది. ఆరీ ఆరని పసరు వేలికంటింది. అంజిరత్ ఆమె మణికట్టు ఒడిసిపట్టుకుంది.

"మా పిల్లేమన్నా బజార్లో పట్టుగుడ్డా, రంగు దిగుతుందేమో చూడ్డానికి?"

"చేసుకునేవాళ్లం, చూసుకోవద్దా?"

"అయితే మీ అబ్బాయిని పిలవండి. ఆ మీసం నేనూ రుద్ది చూస్తాను!"

సంబంధం ఖాయమైతే తుంచాల్సిన రొట్టెను అలాగే వదిలేసి వాళ్లు లేచి వెళ్లిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా అంజిరత్ గుమ్మంలో నిలబడి తిట్టింది. తిరిగొచ్చి, వాళ్లు తాగగా మిగిలిన టీని పెరట్లోకి విసిరికొట్టింది. ఒక కనుబొమ నిండుగా, ఒకటి వెలవెలబోతూ ఉన్న రుఖ్సోరా ఆ రొట్టెను తనే తుంచి తల్లి చేతిలో పెట్టింది.

"ముందు తినమ్మా. తిట్టడానికి ఓపికుండాలిగా."

అంజిరత్ నములుతూనే మళ్లీ అందుకుంది.