కంటి ఫోటోలో బొట్టు

ఒక పొద్దున పళ్ళు తోముకుంటుండగా నా కుడి కంట చూపు ఆరిపోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మేం వలసొచ్చిన ఊళ్ళో, ఖటోదరా పేటలోని మగ్గాల కార్ఖానాలో నేసిన బట్టలో తప్పులు పట్టడమే నా పని కాబట్టి ఆ పూటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరు కంటి లోపలి ఫోటో తీశాడు. కంటి వెనక తెరకు, అంటే రెటీనాకు, రక్తం తెచ్చే నాళం మూసుకుపోయిందట. తెరంతా పాలిపోయి, నడుమ ఎర్రటి చుక్క ఉంది. స్కానులో పొరలు ఉబ్బి కనిపించాయి. "చూపొస్తదా సార్" అంటే, ఆశ తక్కువేనని, కొన్నాళ్ళాగి మళ్ళీ స్కాను తీద్దామని అన్నాడు.

మా బావమరిది ఆ ఫోటోను, స్కానును కులపోళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెళ్ళి సంబంధం ఫోటోకైనా అన్ని జవాబులు రావు.

"పొరలు మందంగున్నయి, మాల్ గట్టిదే" అని మగ్గాలవాళ్ళు తాను బట్టను చూసినట్టే చూసి తీర్పిచ్చారు. ఊరి చివర కోసాడ్‌లో ఉండే మా వదిన ఇంకో మెట్టు ఎక్కింది. "నడుమ బొట్టు చూడుండ్రి. వేములవాడ రాజన్నే పెట్టిండు. గుడికి కోడెను కడ్తమని మొక్కుకోండ్రి."

మొక్కుకున్నాం. చుట్టూ పాలిపోయింది కాబట్టే నడుమ ఎర్రగా కనబడుతోందని డాక్టరు చెప్పిన మాట నేను గ్రూపులో పెడితే దాని కిందా దండాల బొమ్మలే వచ్చాయి.

కొన్నాళ్ళకు మళ్ళీ స్కాను తీశారు. "వాపు దిగింది" అన్నాడు డాక్టరు. అంతే, బావమరిది ఫోను పట్టుకుని బయటికి ఉరికాడు. మిగతా మాట నేనూ నా భార్యా విన్నాం. రక్తమందక పొరలు చచ్చి పల్చబడ్డాయి, ఈ కన్ను ఇక ఇంతే, రెండోదాన్ని కాపాడుకోవాలంటే బీపీ, గుండె పరీక్షలు చేయించుకోవాలి.

ఇల్లు చేరేసరికి చుట్టాలంతా చేరి పాలకోవా పేడాలు పంచేశారు. మందమైతే గట్టి మాల్, పల్చనైతే నయం. మావాళ్ళకు చెడ్డ స్కాను అనేదే లేదు. నిజం చెబుదామని నోరు తెరిస్తే బావమరిది అందులో ఓ పేడా కుక్కాడు.

"వాపు దిగిందంటే నయమైనట్టే గద బావా. ఇగ పనికి పోవుడే."

వదిన వేములవాడ ప్రయాణానికి టిక్కెట్లు చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఎడమవైపు అందరూ నవ్వుతున్నారు. కుడివైపు ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. తల పూర్తిగా తిప్పితే గాని కనబడలేదు. నా భార్య, వచ్చినప్పటినుంచీ నా కుడిపక్కనే కూర్చుని ఏడుస్తోంది.