పక్క సీటు కింది గుంట

ఆమెను అందరూ బ్రేకు అక్క అంటారు. డ్రైవింగ్ స్కూలు పెట్టి ఇన్నేళ్లయినా బోర్డు మీద ఉన్న పేరు చదివిన పుణ్యాత్ములు తక్కువ. స్కూలంటే ఏమంత గొప్పది కాదు, ఒకటే కారు. చిన్నది, పాతది, నేర్చుకునేవాళ్లందరి పాపాలూ మోసి తలుపులు సొట్టలు పోయినది. అందులో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా ఆ బ్రేకు మాత్రం ఆమె కుడికాలి కింద ఉంటుంది. అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? బస్సులో కూర్చున్నా తొక్కుతుంది. సినిమాలో కారు మలుపు తిరిగితే ముందు సీటును తన్ని తిట్లు తింటుంది. ఆమె కుడి చెప్పు మడమ దగ్గర అరిగి నేలంటితే, ఎడమది కొన్ననాటిలాగే ఉంటుంది. చెప్పులు బాగుచేసే ముసలాయన ఒకసారి, నువ్వు ఒంటికాలి మీద నడుస్తావా తల్లీ అని అడిగాడు కూడా.

అలాంటి మనిషి ఆ పొద్దున ఖాళీ రోడ్డు మీద బ్రేకు తొక్కింది. ఎదురుగా మనిషి లేడు, కుక్క లేదు, గుంత లేదు. స్టీరింగు ముందు కూర్చుని నేర్చుకుంటున్న నర్సు ముందుకు తూలి, తనేం తప్పు చేసిందో తెలియక బిక్కమొహం వేసింది. అక్క రోడ్డు పక్కనున్న పాత కార్ల యార్డు వైపే చూస్తోంది. అక్కడ ముందు వరసలో పసుపుపచ్చ కారు ఒకటి, రెండే తలుపులది, నేలకు ఆనుకుని ఉంది. అది ఆమె తమ్ముడి కారు. తమ్ముడు పోయి ఏడాది దాటింది.

ఆ తమ్ముడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాడు. ఆ జీతానికి స్పోర్ట్స్ కారేమిటని ఎవరైనా అంటారు. అందరూ అన్నారు కూడా. రెండు చేతులు మారిన కారును అప్పోసప్పో చేసి కొన్నాడు, ఆదివారం పొద్దున్నే అక్క ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టేవాడు. వాడికి డ్రైవింగు నేర్పింది అక్కే. ఆగాలంటే ముందు ఇండికేటరు వెయ్యి, పక్కకు తియ్యి, హ్యాండ్‌బ్రేకు లాగు, గేరు తియ్యి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకో అని ఎన్నిసార్లు చెప్పిందో. ఒక సాయంత్రం దుకాణం నుంచి వస్తుంటే వాడికి గుండెల్లో నొప్పి వచ్చింది. ఇండికేటరు వేశాడు. పక్కకు తీశాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు, గేరు తీశాడు. చివరిది ఒక్కటే చెయ్యలేకపోయాడు. ఇండికేటరు వెలిగి ఆరుతూనే ఉంది, ఎవరికోసమో ఆగాడనుకుని జనం వాడి పక్కనుంచే నడిచిపోయారు.

ఆ ఇండికేటరు టిక్ టిక్ చప్పుడు ఆమెను వదల్లేదు. ఆ సాయంత్రం ఆమె అక్కడ లేదు, వినలేదు. అయినా వినపడుతుంది. వంటింట్లో కూర తరుగుతుంటే, స్నానాల గదిలో నీళ్లు కట్టేశాక, ఎక్కడపడితే అక్కడ. మలుపు తిరిగాక ఇండికేటరు ఆపెయ్యమని చెబితే, ఎప్పుడో ఆపేశాం మేడం అంటారు నేర్చుకునేవాళ్లు. మరదలు మాత్రం ఆ కారును కళ్లతో చూడలేనని, వచ్చిన రేటుకు ఎవరికో ఇచ్చేసింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు.

సాయంత్రం భర్త ఇంటికి రాగానే, ఆ కారు కొంటానని అక్క చెప్పేసింది. ఆయన టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. గోళ్లలో నల్లటి మసి ఎంత తోమినా పోదు. వద్దు అని ఒక్క మాట అని ఉంటే ఆమె పోట్లాడేది. ఆయన ఆ మాట అనలేదు, చేతులు తోముకుంటూ ఖర్చులు చెప్పడం మొదలుపెట్టాడు. దాని వెనక టైర్లు వెడల్పు, ముందువి సన్నం, అటువి ఇటు మార్చి సర్దుకోవడం కుదరదు. వెనక టైరు ఒక్కటి కొనే డబ్బుతో మన కారుకు నాలుగూ వేసుకోవచ్చు. మామూలు పెట్రోలు దానికి పడదు, ఖరీదైనదే పొయ్యాలి, సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడ్డా గటగటా తాగుతుంది. క్లచ్చు పోతే ఇంజను దించాలి. దించాక సామాను ఎక్కణ్ణుంచో తెప్పించాలి, అది వచ్చేదాకా గుడ్డ కప్పి దణ్ణం పెట్టుకోవాలి. ఇన్సూరెన్సు వాడు ఆ కారు పేరు వినగానే రేటు పెంచేస్తాడు. స్పీడ్‌బ్రేకరు కనపడితే చాలు, పొట్ట గీసుకుంటుంది.

ఇదంతా ఒక ఎత్తు. దాచిన డబ్బు రెండో స్కూలు కారు కోసం దాచింది. ఇప్పుడున్న పాత కారుతో నేర్పడానికి ఈ ఏడాదితో అనుమతి అయిపోతుంది. ఆ పసుపుపచ్చ కారు కొంటే దానికి రెండో బ్రేకు పెట్టించడం కుదరదు, దాంతో పాఠాలు చెప్పలేరు. స్కూలు మూతపడుతుంది.

"కొనడానికి ఒక్కసారి డబ్బులుంటే చాలు. ఇంట్లో పెట్టుకోవడానికి రోజూ కావాలి," అన్నాడాయన, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

ఆయన అన్న ప్రతి మాటా ఒకప్పుడు ఆమెదే. ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి తమ్ముడికి ఇవన్నీ వాయించింది. టైర్లు బోడిగుండులా అయినా మార్చకుండా తిరుగుతున్నాడని చివరి ఆదివారం మరీ గట్టిగా అరిచింది. అమ్మి పారెయ్యరా, పీడ విరగడవుతుంది అంది. వాడు కోప్పడలేదు, నవ్వాడు. "నీకు నడపడం రాదే అక్కా. ఆపడమే వచ్చు," అన్నాడు. ఆ వారంలోనే పోయాడు. పీడ అన్న ఆ ఒక్క మాట అప్పట్నుంచీ ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది, మింగుడుపడదు, బయటికి రాదు. ఆ కారును తెచ్చి ఇంటి ముందు పెట్టుకుంటే అది కరుగుతుందేమోనని ఆమె ఆశ. భర్తకు అది అర్థమయ్యే ఉంటుంది. లెక్కలు ఆపి, ఆదివారం వెళ్లి చూసొద్దాంలే అన్నాడు.

యార్డు యజమాని మాటకారి. కారును కొత్తదానిలా తయారు చేశానని మురిసిపోతూ చూపించాడు. సీట్లకు కొత్త తోలు, స్టీరింగుకు కొత్త తొడుగు, పెడళ్లకు కొత్త రబ్బర్లు. లోపల నిమ్మకాయ వాసన కొట్టే మందేదో చల్లాడు. ఆమె స్టీరింగు ముందు కూర్చుని తడుముతూనే ఉంది. వాడి బొటనవేలు అరగదీసిన చోటు లేదు. వాడి చెమట వాసన లేదు. వాడి పొడుగు కాళ్లకోసం వెనక్కి జరిపిన సీటును కూడా ఎవరో ముందుకు లాగేశారు. ఏడాదిగా చెవిలో కొట్టుకుంటున్న ఆ చప్పుడు, ఈ కారులో కూర్చుంటేనన్నా వాడి దగ్గర్నుంచి వస్తుందనుకుంది. ఏమీ లేదు. మేడం ఎంత జాగ్రత్తగా చూస్తున్నారో అని యజమాని మెచ్చుకున్నాడు. ఆమెకు అక్కడే ఏడుపొచ్చింది, అలర్జీ అని చెప్పి ముక్కు తుడుచుకుంది.

అందులో రెండే సీట్లు. యజమాని వాళ్ల స్కూటరు తాళాలు తన దగ్గర పెట్టుకుని, ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. ఆమె దిగి, అలవాటుగా అటు తిరిగి పక్క సీట్లో కూర్చుంది. భర్త నడిపాడు. గేటు దాటగానే ఒక సైకిలు అడ్డొచ్చింది. ఆమె కుడికాలు లేని బ్రేకును తొక్కింది. తొక్కగానే మడమ ఒక గుంటలో దిగింది.

వంగి చూసింది. కాళ్ల కింది మ్యాట్ పాతదే. సరిగ్గా మడమ ఆనే చోట రబ్బరు అరిగి గుండ్రంగా, నున్నగా గుంట పడి ఉంది. ఆ గుంట తనదే. ఆదివారాలన్నీ ఈ సీట్లో కూర్చుని తొక్కి తొక్కి తనే తవ్వింది. కారంతా వాడికోసం వెతికితే వాడు లేడు, తను ఉంది.

"ఈ మ్యాట్ ఎందుకు మార్చలేదు?" అంది.

భర్త రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పకుండానే చెప్పాడు. యజమాని సంగతి తనకు తెలియదట. తమ్ముడి సంగతి తెలుసట. ఒకసారి గాలి పట్టించుకోవడానికి దుకాణానికొస్తే, చిరిగిపోయేలా ఉంది, కొత్త మ్యాట్ ఊరికే ఇస్తాను తీసుకో అన్నాడట తను.

"వద్దన్నాడు. అక్క కాలు దీనికి అలవాటు పడింది బావా, కొత్తది వేస్తే జారుతుంది, భయపడుతుంది అన్నాడు."

ఆమె కారు ఆపమంది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, భర్తను అటు జరగమంది. అక్కా ఒక్కసారి నువ్వు నడుపు అని వాడు ఎన్ని ఆదివారాలు బతిమాలాడో. టైర్లు అరిగితే ఎవడిస్తాడు అని తప్పించుకునేది. సీటు వెనక్కి జరిపింది, తన కాళ్లు సరిగ్గా అందకపోయినా. గేరు వేసింది. కారు ఒక్క ఊపున ముందుకు పోయింది, వేపచెట్ల వరస వెనక్కి పరుగెత్తింది. ఆమె ఆపలేదు. పక్కన భర్త తలుపు పిడి పట్టుకుని బిగుసుకుపోయాడు. ఆయన కాలు ఆ గుంటలో పడి నేలను నొక్కుతోంది.

"తొక్కకండి. అక్కడేం లేదు."

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. కానీ అది తమ్ముడి మాట. ప్రతి ఆదివారం, ప్రతి మలుపులో, తొక్కకే అక్కా, అక్కడేం లేదు అని నవ్వేవాడు. భర్త ఆమె ముఖం వంక చూసి నెమ్మదిగా కాలు తీశాడు.

యార్డులోకి వచ్చి కారు పెట్టింది. హ్యాండ్‌బ్రేకు లాగింది, గేరు తీసింది. ఇండికేటరు మాత్రం ఆపకుండా కాసేపు వింది. టిక్ టిక్. అచ్చం అదే. తర్వాత చేత్తో తనే ఆపి, దిగి, కారు తాళాలు యజమానికి ఇచ్చి స్కూటరువి తీసుకుంది. రేటు తగ్గిస్తానని ఆయన వెంటబడ్డాడు. రేటు గురించి కాదండీ అంది. ఆ పక్క సీటు మ్యాట్ మాత్రం ఎవరు కొన్నా మార్చొద్దని చెప్పండి అని, ఆయన తెల్లమొహం వేసుకుని చూస్తుండగానే స్కూటరెక్కింది.

దాచిన డబ్బుతో రెండో స్కూలు కారు వచ్చింది. మెకానిక్ పక్క సీటు ముందు బ్రేకు, క్లచ్చు బిగించి ఇచ్చాడు. మొదటి పాఠం ఆ నర్సుకే. ఆ పిల్ల మలుపులో తడబడితే అక్క బ్రేకు తొక్కింది. కింద కొత్త మ్యాట్, గీత కూడా పడనిది. మడమ జారింది. కారు ఆగాల్సిన చోటు కంటే ఒక అడుగు ముందుకు పోయి ఆగింది.

ఆమె కాలి వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్లనుంచి నీళ్లు బొటబొటా రాలాయి. నర్సు హడలిపోయి, తగిలిందా మేడం అని అడిగింది.

"లేదమ్మా. జారుతుందని ముందే చెప్పారు," అంది అక్క.

ఆ పిల్లకేమీ అర్థం కాలేదు. అక్క ముఖం తుడుచుకుని, మడమను ఇంకాస్త ఇవతల ఆనించి, బండి పోనిమ్మంది.