ఆగిన తెల్లగీత

చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు ఫోన్ వచ్చింది. నందిగామ కాలేజీలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన సార్ పోయారు. ఆ మాట చెప్పింది నా స్నేహితురాలు. తర్వాత, "గీత కూడా ఆగిపోయిందే" అంది.

ఆ గీత సంగతి మీకు చెప్పాలి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, నేను జగ్గయ్యపేటలో, తను వీరులపాడులో ఊరికే కూర్చున్న రోజుల్లో సార్ మా చేత ఒక వెబ్‌సైట్ పెట్టించారు. అందులో బొమ్మలు ఎవరూ చేత్తో గీయరు. గీత ఎటు తిరగాలో, రంగు ఎప్పుడు మారాలో ఎవరికి వారు ఒక రూలు రాస్తారు. సార్‌తో కలిపి మా ముగ్గురి రూల్సూ కలుపుకుని కంప్యూటర్ గీసుకుంటూ పోతుంది. చివరికి ఏం బొమ్మ తేలుతుందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

రూలు ఏదైనా సార్ ముందు నోటితో చెప్పించుకునేవారు. "ముందు నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా, కంప్యూటర్‌కి తర్వాత చెబ్దువుగాని" అనేవారు. వింటూ వింటూ, శుభ్రంగా ఉన్న మానిటర్‌నే చొక్కా అంచుతో తుడిచేవారు. నేను పెట్టేవన్నీ బూడిద రంగులే. "మీ పేట ఫ్యాక్టరీల సిమెంటు దుమ్మంతా ఇక్కడే పోస్తావేంటమ్మా?" అని నవ్వేవారు. మార్చమని మాత్రం ఏనాడూ అనలేదు.

ఆయనది ఒకే ఒక్క తెల్లగీత. ఇంకో గీత ఎదురైతే ఆగిపోతుంది. ఆయన తన ఫోన్‌లో తాకితేనే మళ్ళీ కదులుతుంది.

"దానంతటదే కదిలేట్టు రాయొచ్చుగా సార్?" అని అడిగా.

"అదే కదిలితే పొద్దున్నే నాకేం పని?"

ఏ పనీ లేని మాకు కూడా పొద్దున్నే లేవడానికి అలా ఒక పని దొరికింది.

ఆయన పోయాక తెల్లగీత బొమ్మ మధ్యలో నిలిచిపోయింది. మా గీతలు వెళ్ళి దాని దగ్గరే చిక్కుపడుతున్నాయి. కాలేజీలో జూనియర్లు కొందరు మాతో చేరతామంటున్నారు.

"సార్ రూలు తీసేద్దామే. లేకపోతే అందరిదీ అక్కడే ఇరుక్కుపోద్ది" అంది స్నేహితురాలు.

కాదనలేకపోయా. తీసేద్దామని పొద్దున్నే సైట్ తెరిచా. తెల్లగీత కదిలి ఉంది.

"నువ్వు కదిపావా?" అని స్నేహితురాలికి ఫోన్ చేశా.

"సార్ ఫోన్ నుంచి తప్ప కదలదుగా." అంది తను. "నాకు భయమేస్తోందే. తీసెయ్."

చెయ్యి రాలేదు. మర్నాడూ కదిలింది, ఆ తర్వాతా కదిలింది. ఆయన కాఫీ తాగుతూ దాన్ని కదిపే వేళకే. ఎవరు కదుపుతున్నారో తెలుసుకోవాలని లేదు నాకు. తెలిస్తే ఆగిపోతుందేమోనని.

చివరికి స్నేహితురాలి పోరు పడలేక ఇద్దరం నందిగామలో సార్ ఇంటికి వెళ్ళాం. సార్ భార్యను మేం ఆంటీ అంటాం. మేం నోరు తెరవకముందే ఆమే అన్నారు.

"మీ గీత నేనే జరుపుతున్నానమ్మా. ఆయన కాఫీ తాగుతా జరిపేవారుగా. ఇప్పుడు కాఫీ పెట్టుకుంటే చాలు, చెయ్యి ఆ ఫోన్ మీదికే పోతంది. ఏమన్నా చెడగొట్టానా?"

తీసేయాలని చెప్పడానికి వచ్చిన నా స్నేహితురాలు తల అడ్డంగా ఊపింది. "లేదండీ. మా గీతల్నే పక్కకి తిప్పుకుంటాం."

ఆంటీ ఫోన్ అందుకుని తెర మీద వేలు పెట్టారు. తెల్లగీత మా గీతల మధ్యకి కొంచెం వణుకుతూ వెళ్ళి ఆగింది. ఆమె వేలు తియ్యలేదు. ఆ వేలి కింద గీత కొస మాకెవరికీ కనిపించలేదు.